చెరువు పీహెచ్‌లో రోజూ 0.8 తేడా వస్తుంటే, సముద్రంలో 0.1కి ఇంత టెన్షన్ ఎందుకు?

భీమవరం దగ్గర వనామి రొయ్యల సాగు చేస్తున్న ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. ఆయన మాటల్లోనే: "మా చెరువులో తెల్లవారుజామున పీహెచ్ 7.8 ఉంటుంది, సాయంత్రం నాలుగింటికి 8.6 చూపిస్తుంది. పదకొండేళ్ళుగా పుస్తకంలో రాసుకుంటున్నాను. రొయ్య పెరుగుతూనే ఉంది. సముద్రంలో రెండు వందల ఏళ్ళకి కలిపి 0.1 తగ్గిందట, దానికింత గోలా? పైగా 8.1 అంటే ఇంకా క్షారమే కదా, ఆమ్లం అని ఎలా అంటారు? మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక సముద్రం మీద ఎమ్మెస్సీ చేస్తానంటోంది. ఇందులో నిజంగా విషయం ఉందా?"

ఉందండి. నేను ఇరవై రెండేళ్ళుగా సముద్రపు నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే పనిలో ఉన్నాను, ఎక్కువగా మన బంగాళాఖాతంలోనే. మీలాంటి ప్రశ్న వస్తే కొందరు తేలిగ్గా కొట్టిపారేయడం చూశాను. నాకు మాత్రం ఈ సబ్జెక్టులో మొట్టమొదట అడగాల్సింది ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే రోజూ పీహెచ్ చూసే మనిషికే ఈ అనుమానం వస్తుంది.

మామూలుగా చెప్పే జవాబు మీకు పనికిరాదు. పీహెచ్ అంటే నీళ్ళు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె; 7కి కింద ఆమ్లం, పైన క్షారం. అది లాగరిథమ్ లెక్క, అంటే ఒక అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు పెరుగుతాయి, కాబట్టి 0.1 తగ్గడమంటే హైడ్రోజన్ అయాన్లు దాదాపు 26 శాతం పెరగడం అని చెబుతారు. లెక్క కరెక్టే. కానీ అదే లెక్కన మీ చెరువులో పగటికీ రాత్రికీ మధ్య అవి ఆరు రెట్లు మారుతున్నాయి. ఆరు రెట్లకి తట్టుకున్న రొయ్యని కళ్ళారా చూస్తున్న మీకు 26 శాతం అంటే ఎందుకు నమ్మబుద్ధి అవుతుంది? కాబట్టి జవాబు వేరే చోట ఉంది.

ముందు మీ చెరువు సంగతి. రాత్రంతా రొయ్యలు, ప్లాంక్టన్ (నీళ్ళలో తేలాడే సన్నటి నాచు, జీవులు), అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అది నీళ్ళలో కలిసి పీహెచ్ దిగుతుంది. ఎండెక్కాక ప్లాంక్టన్ అదే వాయువుని తీసుకుని ఎదుగుతుంది, పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి తీసుకున్న చేబదులు పగలు తీర్చేసినట్టు. మీ పుస్తకంలో నెల సగటు తీసి చూడండి, పెద్దగా కదలదు. కదిలితే మీరు ఊరుకోరు కూడా. పొద్దున్న 7.8 రావాల్సిన చోట 7.4 వచ్చి వారం రోజులు అక్కడే ఉండిపోతే మర్నాడే గట్టు మీద సున్నం బస్తాలు దిగుతాయి.

సముద్రం తీసుకుంటున్నది మాత్రం తీరని అప్పు. బొగ్గు, పెట్రోలు, సిమెంటు, నరికిన అడవులు, వీటన్నిటి నుంచి మనం ఏటా గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతు సముద్రంలోకి దిగుతోంది. 1994 నుంచి 2007 దాకా ప్రపంచ సముద్రాల్లో ఓడల మీద చేసిన కొలతలన్నీ కలిపి లెక్క కడితే ఏడాదికి సగటున 260 కోట్ల టన్నుల కార్బన్ అని తేలింది. కార్బన్ డయాక్సైడ్‌గా చూస్తే అది 950 కోట్ల టన్నులు. హవాయిలో మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాల్లో ఈ వాయువు పది లక్షల భాగాల్లో 315. ఫ్యాక్టరీలు రాకముందు 280. ఇప్పుడు 420 దాటింది.

అదే హవాయి దగ్గర, నడిసముద్రంలో అలోహా అని పేరు పెట్టిన ఒక చోటికి 1988 నుంచి ఇంచుమించు నెలనెలా ఓడ వెళ్ళి నీళ్ళు తెస్తోంది. ఆ గ్రాఫు చూస్తే మీకు మీ పుస్తకమే గుర్తొస్తుంది. ఎండాకాలం, చలికాలం అంటూ పైకీ కిందకీ ఊగుతుంది. కానీ మొత్తం గీత వాలు కిందకే. ఏడాదికి 0.0018 చొప్పున, ముప్పై ఏళ్ళకి పైగా ఎక్కడా వెనక్కి తిరగలేదు. చెరువులో ఊగేది ఊయల. ఇక్కడ ఊయల కట్టిన దూలమే కిందకి దిగుతోంది.

ఆమ్లం అన్న మాట గురించి ఎక్కువ చెప్పను. బియ్యం ధర తగ్గుతోంది అంటే సున్నా అయిందని కాదు కదా. ఆమ్లీకరణ అంటే ఎటు పోతోందో చెప్పే మాట. సముద్రం 7 కంటే కిందకి పోతుందని ఈ రంగంలో పనిచేసే వాళ్ళెవరూ అనడం లేదు. గుల్ల కట్టుకునే జీవులకి ఇబ్బంది మొదలవడానికి అంత దూరం పోనక్కర్లేదు.

అసలు సంగతి ఇక్కడుంది. సముద్రపు నీళ్ళలో కరిగి ఉన్న కార్బన్‌లో నూటికి 90 వంతులు బైకార్బొనేట్, 9 వంతులు కార్బొనేట్, ఒకే ఒక్క వంతు కార్బన్ డయాక్సైడ్. కొత్తగా దిగిన కార్బన్ డయాక్సైడ్ ఆ 9 వంతుల కార్బొనేట్ మీద పడి దాన్ని బైకార్బొనేట్‌గా మార్చేస్తుంది. ఆల్చిప్పలు, నత్తలు, పగడాలు ఒళ్ళు కట్టుకునేది కాల్షియం కార్బొనేట్‌తో. సముద్రంలో కాల్షియానికి కొదవ లేదు. ఇసుక గుట్టలుగా ఉంది, సిమెంటు అందడం లేదు, అదీ ఆ జీవుల పరిస్థితి. మన తీరంలో గుల్లలు కాల్చి గుల్ల సున్నం చేసేవారు, తాంబూలంలోకి, గోడలకి. ఆ గుల్లలన్నీ కట్టింది ఈ కార్బొనేట్‌తోనే.

మీకు ఇది కొత్త కాదు. చెరువులో లూజ్ షెల్ (రొయ్య పెంకు మెత్తబడి వదులవడం) కనబడితే మీరు పీహెచ్‌తో ఆగరు, ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, చూసే కిట్ కూడా తీస్తారు. నడిసముద్రపు నీళ్ళని మీ కిట్‌తో చూస్తే లీటరుకి సుమారు 115 మిల్లీగ్రాములు వస్తుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కార్బన్ డయాక్సైడ్ ఎంత దిగినా ఆల్కలినిటీ మారదు. మీ కిట్‌లో అదే 115, లోపల మాత్రం కార్బొనేట్ తగ్గిపోయి ఉంటుంది. అందుకే మేము పీహెచ్, ఆల్కలినిటీ, మొత్తం కరిగిన కార్బన్, కార్బన్ డయాక్సైడ్ పీడనం అనే నాలుగింటిలో కనీసం రెండు కొలిచి, వాటి నుంచి ఒమేగా అనే అంకె లెక్క కడతాం. ఒమేగా 1 కంటే ఎక్కువ ఉంటే గుల్ల పదార్థం నీళ్ళలో నిలబడుతుంది, తక్కువైతే కరగడం మొదలవుతుంది. అందులోనూ అరగొనైట్ అనే రకం తొందరగా కరుగుతుంది. పగడాలు, ఆల్చిప్ప పిల్లలు వాడేది అదే.

ఇదంతా ఒక హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని తయారు చేసే చోట, చూపిస్తే మీకు బాగా తెలుస్తుంది. అమెరికాలో పసిఫిక్ తీరాన ఆరెగాన్ రాష్ట్రంలో నెటార్ట్స్ బే అని చిన్న అఖాతం ఉంది. దాని ఒడ్డున విస్కీ క్రీక్ అనే హేచరీ. మన దగ్గర వనామి సీడ్ (పిల్లలు) అమ్మినట్టే వాళ్ళు ఆయిస్టర్ అనే ఆల్చిప్ప సీడ్ తయారు చేసి ఆ తీరంలోని రైతులకి అమ్ముతారు. 2007లో తొట్లలో పిల్లలు చావడం మొదలైంది. హేచరీలో చావులంటే ముందు అనుమానం విబ్రియో బ్యాక్టీరియా మీదికే పోతుందని మీకు తెలుసు. అక్కడా అంతే. విబ్రియో ట్యూబియాషీ అనే రకం కనబడింది కూడా. నీళ్ళు శుద్ధి చేసే సామగ్రి తెచ్చి బిగించారు. అయినా పిల్లలు పోతూనే ఉన్నాయి. 2008 కల్లా ఉత్పత్తిలో దాదాపు నాలుగింట మూడొంతులు పోయింది. రైతుల దగ్గర పెంచడానికి చోటు ఉంది, వేయడానికి సీడ్ లేదు.

అప్పుడు హేచరీ వాళ్ళే ఒక సంగతి పట్టుకున్నారు. ఉత్తరపు గాలి గట్టిగా వీచిన తర్వాత అఖాతంలోకి చల్లటి నీళ్ళు వస్తున్నాయి. ఆ నీళ్ళు తొట్లకి ఎక్కించిన బ్యాచ్‌లే పోతున్నాయి. ఆ తీరంలో వేసవిలో వీచే ఉత్తరపు గాలి పైనీళ్ళని ఒడ్డు నుంచి దూరంగా నెడుతుంది. ఆ ఖాళీలోకి అడుగు నీళ్ళు ఉబికి వస్తాయి. చచ్చిన ప్లాంక్టన్ కుళ్ళే చోటు కాబట్టి అడుగు నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడూ ఎక్కువే, అది ప్రకృతి సహజం. దాని మీద మనుషులు వదిలింది వచ్చి చేరింది. అంచున ఉన్నదాన్ని ఆ కాస్తా అటు తోసేసింది. అదే 2007లో రిచర్డ్ ఫీలీ అనే శాస్త్రవేత్త బృందం కెనడా నుంచి మెక్సికో దాకా ఆ తీరమంతా ఓడలో తిరిగి కొలిచింది. గుల్లల్ని కరిగించే నీళ్ళు తీరానికి దగ్గరగా, తక్కువ లోతులోకి ఎక్కి వస్తున్నాయని 2008లో ప్రచురించింది.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టే అంశం ఇందులో ఒకటుంది. అలా ఉబికి వచ్చే నీళ్ళు చివరిసారి గాలిని తాకింది సుమారు 30 నుంచి 50 ఏళ్ళ కిందట. అంటే 2007లో ఆ తొట్లలోకి వచ్చిన నీళ్ళు మోసుకొచ్చింది 1960లు, 70ల నాటి గాలిని. ఆ తర్వాత మనం వదిలిందంతా ఇంకా దారిలోనే ఉంది.

ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి బర్క్ హేల్స్ అనే కెమిస్టు తన పరికరం తెచ్చి హేచరీ పైపుకే తగిలించాడు. ఏ రోజు ఏ నీళ్ళు ఎక్కించారు, ఏ బ్యాచ్ ఎంత బతికింది అన్న లెక్కలు హేచరీలో పనిచేసే అలన్ బార్టన్ దగ్గర ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టేసరికి సంగతి బయటపడింది. 2012లో అచ్చయిన ఆ పేపరు మొదటి రచయిత బార్టనే. అందులో తేలిందేమిటంటే, ఒమేగా 1 దాకా దిగనక్కర్లేదు, 1.7 దగ్గరే హేచరీకి గిట్టుబాటు పోతోంది.

ఎందుకో చూడండి. ఆయిస్టర్ పిల్ల పుట్టిన రెండు రోజుల్లో తన మొదటి గుల్ల కట్టుకోవాలి. అప్పటికి దానికి తిండి తినే శక్తి రాదు. గుడ్డులో తల్లి పెట్టిన కొవ్వే దాని పెట్టుబడి. ఆ రెండు రోజుల్లో కట్టిన గుల్ల ఒంటి బరువులో నూటికి 90 వంతుల దాకా ఉంటుంది. కార్బొనేట్ తక్కువైతే అదే గుల్లకి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. పెట్టుబడి అంతా గోడలకే అయిపోయి ఇంట్లో తినడానికి గింజ లేనట్టు. ఆ పూటే చావదు. ఎదుగుతున్నట్టే కనబడి, వారమో రెండు వారాలో పోయాక రాలిపోతుంది. చెడ్డ నీళ్ళు వచ్చిన రోజు ఒకటి, చావు కనబడిన రోజు ఇంకొకటి. అందుకే అంతకాలం కారణం దొరకలేదు.

ఆ తర్వాత జార్జ్ వాల్డ్‌బస్సర్ బృందం ఆల్కలినిటీనీ కార్బన్ డయాక్సైడ్‌నీ విడివిడిగా మార్చి, పీహెచ్ తక్కువ ఉండి ఒమేగా ఎక్కువ ఉన్న నీళ్ళు, పీహెచ్ ఎక్కువ ఉండి ఒమేగా తక్కువ ఉన్న నీళ్ళు తయారు చేసింది. వాటిలో పిల్లల్ని పెంచితే, గుల్ల సరిగ్గా కట్టడం ఒమేగాని బట్టే జరిగింది, పీహెచ్‌ని బట్టి కాదు. 2015లో వచ్చిన ఈ ఫలితం మీ ప్రశ్నకి సూటి జవాబు. మీరు పోల్చుతున్న 0.8, 0.1 రెండూ పీహెచ్ అంకెలే. ఆల్చిప్ప పిల్లకి కావలసిన అంకె అది కాదు.

మీ రొయ్య సంగతి వేరు. దాని పెంకులో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది, కుబుసం విడిచిన ప్రతిసారీ కొత్తగా కట్టుకుంటుంది, ఒంట్లో లవణాలని సర్దుకునే శక్తి బాగా ఉన్న జీవి. పైగా మీరు సున్నం వేస్తారు, మినరల్స్ వేస్తారు. రొయ్య తట్టుకుంది కాబట్టి సముద్రంలో అన్నీ తట్టుకుంటాయని అనుకోలేం.

విస్కీ క్రీక్ హేచరీ మూతపడలేదు. వాళ్ళు చేసింది వింటే మీకు ఇంట్లో మాటలా ఉంటుంది. పొద్దున్న నీళ్ళు ఎక్కించడం మానేసి, అఖాతంలోని గడ్డి, నాచు ఎండకి కార్బన్ డయాక్సైడ్ లాగేసుకున్నాక మధ్యాహ్నం ఎక్కించడం మొదలుపెట్టారు. తొట్లలోకి వచ్చే నీళ్ళలో సోడియం కార్బొనేట్ కలిపారు. సీడ్ మళ్ళీ నిలబడింది.

ఇక కొలత గురించి కాస్త వివరంగా చెప్పాలి. "ప్రాజెక్టుల డబ్బు కోసం చెప్పేదా" అన్న అనుమానం చాలామందికి ఉంటుంది, అది తీరాలంటే ఈ పని ఎలా జరుగుతుందో చూడాలి.

ఓడ మీద రాత్రి రెండు గంటలకి చుట్టూ సీసాలు కట్టిన చట్రం వెయ్యి మీటర్ల లోతు నుంచి పైకి వస్తుంది. డెక్ మీద నీళ్ళు కారుతూ ఉంటుంది. అడుగు సీసాని తాకితే చెయ్యి జివ్వుమంటుంది. ఆక్సిజన్ కొలతకి నీళ్ళు పట్టుకున్నవాళ్ళు పక్కకి జరగగానే నా వంతు. రబ్బరు గొట్టాన్ని గాజు సీసా అడుగుదాకా దించి, బుడగ అన్నది లేకుండా నెమ్మదిగా నింపాలి. నిండాక కూడా ఆపకుండా అంత నీళ్ళు మళ్ళీ పొంగి పొర్లనివ్వాలి, గాలి తగిలిన నీళ్ళు బయటికి పోయేదాకా. తర్వాత మెర్క్యురిక్ క్లోరైడ్ ఒక్క చుక్క, లోపలి సూక్ష్మజీవులు ఊపిరి తీసి అంకె మార్చకుండా. మూతకి గ్రీజు రాసి, తిప్పి బిగించి, రబ్బరు బ్యాండ్ వేయాలి. ఒక్క బుడగ ఉండిపోతే ఆ సీసా దండగ. లాబ్‌లో 25 డిగ్రీల దగ్గర మెటా క్రిసాల్ పర్పుల్ అనే రంగు వేస్తాం. నీళ్ళు పసుపుకీ ఊదాకీ మధ్య ఒక రంగులోకి తిరుగుతాయి. కంటికి ఒకేలా కనబడే రెండు సీసాల మధ్య తేడాని స్పెక్ట్రోఫోటోమీటర్ మూడో దశాంశం దాకా చెబుతుంది. కార్బన్, ఆల్కలినిటీ కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో ఆండ్రూ డిక్సన్ లాబ్ తయారు చేసిన ప్రామాణిక సముద్రపు నీళ్ళ సీసాలు వాడతాం. జపాన్ అయినా, జర్మనీ అయినా, విశాఖ అయినా అవే సీసాలు. బంగారం తూకానికి ఊరందరికీ ఒకే రాయి ఉన్నట్టు.

ఇంత జాగ్రత్త ఎందుకో నాకు చేరిన కొత్తలోనే తెలిసింది. నేను పనిచేసిన ఒక లాబ్‌లో 1980ల నాటి రిజిస్టర్లు నాకిచ్చి కొత్త కొలతలతో పోల్చమన్నారు. ఇరవై ఏళ్ళలో 0.15 తగ్గినట్టు వచ్చింది. ప్రపంచంలో ఎక్కడా లేనంత వేగం. పేపరు రాయడానికి సిద్ధమైపోయాం. పంపేముందు ఒక సీనియర్ మేడం అడిగారు, పాతవాళ్ళు ఏ బఫర్‌తో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణంతో) ఎలక్ట్రోడ్ సరిచూసుకున్నారు అని. రిజిస్టర్ చివరి పేజీలో ఉంది: మామూలు ఎన్‌బీఎస్ బఫర్. మేము వాడింది సముద్రపు నీళ్ళ కోసం పెట్టుకున్న టోటల్ స్కేలు. ఆ రెండు స్కేళ్ళ మధ్య తేడాయే 0.13 వరకు ఉంటుంది. అంటే రెండు వందల ఏళ్ళలో సముద్రం మారినంత తేడా, కేవలం కొలబద్ద మారినందుకే వచ్చింది. మేము ఆ పేపరు పక్కన పెట్టేశాం. ఆ రోజు నుంచి ఎవరైనా పీహెచ్ అంకె చెబితే స్కేలేమిటని అడగకుండా నేను ముందుకి పోను.

మన బంగాళాఖాతం దగ్గరికి వస్తాను. ఇది మామూలు సముద్రం కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోకే. పైన తేలికపాటి తియ్య నీళ్ళ పొర పరుచుకుని ఉంటుంది. ఉప్పు తగ్గితే ఆల్కలినిటీ కూడా తగ్గుతుంది, కాబట్టి తట్టుకునే శక్తి నడిసముద్రం కంటే తక్కువ. వరదల రోజుల్లో గోదావరి ముఖద్వారంలో కుళ్ళిన ఆకూ అలమూ వల్ల కార్బన్ డయాక్సైడ్ గాల్లో ఉన్నదానికి ఎన్నో రెట్లు ఎక్కుతుంది. విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి రాశారు. వాళ్ళే 2015లో ఇంకో ఆసక్తికరమైన సంగతి ప్రచురించారు. 1990ల నాటి కొలతలతో పోలిస్తే మన తూర్పు తీరంలో, ముఖ్యంగా ఉత్తరాన, పీహెచ్ పడిపోవడం గాల్లోని కార్బన్ డయాక్సైడ్ ఒక్కదానితో రావలసిన దానికంటే వేగంగా ఉంది. చలికాలంలో గంగా మైదానం మీది నుంచి సముద్రం మీదికి కొట్టుకొచ్చే సల్ఫేట్, నైట్రేట్ ధూళికి ఇందులో పాత్ర ఉందని వాళ్ళ వాదన. ఆకాశంలో మసక చూసి మనం దగ్గుతాం, అది కింద నీళ్ళలో కూడా పడుతోందన్న ఆలోచన నాకు అప్పటిదాకా అంత గట్టిగా రాలేదు.

మన తీరానికీ అడుగు నీళ్ళు ఉబికి వస్తాయి, ఆరెగాన్ అంత బలంగా కాదు. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు తీరం ముందు దీన్ని పరిశీలించారు. అంటే ఈ నీళ్ళ మీద చదువు మనకి డెబ్భై ఏళ్ళ నాటిది. కార్బన్ కొలతలే ఆలస్యం. బంగాళాఖాతం నడుమ ఆమ్లీకరణ కోసమే పరికరాలు బిగించిన బోయా (లంగరేసి నీళ్ళ మీద తేల్చే కొలత పరికరం) 2013 నవంబరులో వేశారు, హిందూ మహాసముద్రంలో అలాంటిది అదే మొదటిది. హవాయికి 1988 నుంచి ఉన్న గీత మనకి ఇంత పొట్టిగా ఉండటం నాకు నిజంగా బాధ. పదేళ్ళ గీతలో ఎల్ నినో ఏది, వరద ఏది, మనిషి చేసింది ఏది అని విడదీయడం చాలా కష్టం.

వేడి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, ఆమ్లీకరణ ఒంటరిగా రాదు కాబట్టి. భూమి మీద పోగవుతున్న అదనపు వేడిలో నూటికి 90 వంతులు సముద్రమే మింగుతోంది. ఆ వేడికి లక్షద్వీప్ పగడాలు 1998లో, 2010లో, 2016లో తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడటం నాలుగో విడత నడుస్తోందని ప్రకటించారు. తెల్లబడ్డ పగడం మళ్ళీ కోలుకోవాలంటే కొత్త అస్థిపంజరం కట్టుకోవాలి, దానికీ కార్బొనేటే కావాలి.

ఈ రంగంలో అతి చేసి చెప్పినవీ ఉన్నాయి, దాచడం నాకిష్టం లేదు. గుల్లని వెనిగర్‌లో వేసి కరిగించి చూపిస్తారు. వెనిగర్ పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది, దానికీ సముద్రానికీ పోలికే లేదు. ఆ ప్రదర్శన చూసిన పిల్లలు రేపు మీలాంటి రైతు ప్రశ్నకి జవాబు చెప్పలేరు. ఇంకొకటి, 2009 నుంచి కొన్ని పేపర్లలో ఆమ్లీకరణ వల్ల పగడపు దిబ్బల చేపలకి వాసన తెలియడం పోతుందని, శత్రువు వైపే ఈదుతాయని వచ్చింది. పెద్ద వార్త అయింది. వేరే బృందం ఆ ప్రయోగాలు మళ్ళీ చేసి, అలాంటి ప్రభావం చెప్పుకోదగ్గంత లేదని 2020లో నేచర్ పత్రికలో రాసింది. అలాగని గుల్లల మీద ప్రభావం కూడా అబద్ధమని కొట్టేయలేం. అంటార్కిటికా వైపు సముద్రంలో 2008లో పట్టిన బతికున్న సముద్రపు సీతాకోక నత్తల గుల్లల మీద కరిగిన గుంటలు మైక్రోస్కోప్‌లో కనబడ్డాయి. ఇటలీలో ఇస్కియా ద్వీపం దగ్గర సముద్రపు అడుగు నుంచి సహజంగా కార్బన్ డయాక్సైడ్ బుడగలు వచ్చే చోటికి దగ్గరయ్యే కొద్దీ గుల్ల జీవులు తగ్గిపోయి నాచు, గడ్డి పెరగడం 2008లోనే చూపించారు.

"మేము చెరువులో సున్నం వేసినట్టు సముద్రంలో వేయలేరా" అని మీరు తప్పక అడుగుతారు. నిజానికి దాని మీద పరిశోధన నడుస్తోంది. లెక్క చూడండి. ఏటా సముద్రంలోకి దిగే 950 కోట్ల టన్నులకి సరిపడా సున్నం వేయాలంటే సుమారు 700 కోట్ల టన్నులు కావాలి. ప్రపంచమంతా కలిసి ఏడాదికి తయారు చేసే సున్నం 40 కోట్ల టన్నుల పైచిలుకు. పైగా సున్నపురాయి కాల్చినప్పుడు బట్టీ లోంచి వచ్చేదీ కార్బన్ డయాక్సైడే. ఒక అఖాతానికి, ఒక హేచరీకి పనికొస్తుంది. సముద్రానికి మాత్రం వదలడం తగ్గించడమే మార్గం, అందులో నాకు సందేహం లేదు.

మీ ప్రాంతానికి పనికొచ్చే మాట ఒకటి. మీ సీడ్ వచ్చే హేచరీలు ఉప్పాడ నుంచి బాపట్ల దాకా తీరం వెంటే ఉన్నాయి, నీళ్ళు సముద్రం నుంచే తీసుకుంటాయి. వరదల నెలల్లో వచ్చే నీళ్ళకి సెలినిటీ (ఉప్పుదనం) ఒక్కటే కాకుండా ఆల్కలినిటీ, పీహెచ్ కూడా టైమ్ వేసి రాసుకోమని మీ హేచరీ వాళ్ళకి చెప్పండి. సీడ్ బ్యాచ్ నంబరు పక్కనే రాయాలి. బార్టన్ దగ్గర ఉన్నది అలాంటి పుస్తకమే.

అమ్మాయిని చదవనివ్వండి. కెమిస్ట్రీ బాగా వచ్చి, ఓడ మీద నెల రోజులు ఉండగలిగి, ఒకే పనిని వెయ్యిసార్లు ఒకేలా చేయగల ఓపిక ఉంటే ఈ పనికి అలాంటి వాళ్ళే కావాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రం ఉంది, హైదరాబాద్‌లో సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. జీతాలు సాఫ్ట్‌వేర్ అంత రావు, పర్మనెంట్ ఉద్యోగానికి టైమ్ పడుతుంది. అది ముందే తెలుసుకుని దిగితే మంచిది.

ఇంకో మాట. మీ పదకొండేళ్ళ పుస్తకం చెదలు పట్టకముందే ప్రతి పేజీ ఫొటో తీయించండి. ఏ ఏడాది ఏ కంపెనీ మీటరు వాడారు, దేనితో సరిచూసుకున్నారు, కిట్ ఎప్పుడు మార్చారు, గుర్తున్నంతవరకు మొదటి పేజీలో రాయండి. సెలవులకి అమ్మాయి వచ్చినప్పుడు ఎక్సెల్‌లో ఎక్కించమనండి, పొద్దుటి అంకెలు వేరే, సాయంత్రం అంకెలు వేరే. ఒక్కో ఏడాది సగటు తీసి గీత గీస్తే అది ఎటు వాలిందో నాకూ చూడాలని ఉంది.